డెంప్‌స్టర్ హైవే మీద మనవాళ్ల కాన్వాయ్: ఇంటి దగ్గర నుంచి ఎలా ఫాలో కావాలి

మీ అబ్బాయో, చెల్లెలో కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో ఉంటారు. ఒకరోజు ఫోన్ చేసి, "మూడు బండ్లేసుకుని ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్తున్నాం, మధ్యలో కొన్ని రోజులు ఫోన్ కలవదు" అని చెప్తారు. వాళ్లకది పండగ. ఇక్కడ ఇంట్లో మాత్రం ఆ మాట విన్న దగ్గర్నుంచి టెన్షన్ మొదలవుతుంది.

మా తమ్ముడు ఇలాగే వెళ్లొచ్చాడు. మూడు బండ్లు, తొమ్మిది మంది, అందులో ఇద్దరు చిన్నపిల్లలు. పాలకొల్లులో మా అమ్మా నేనూ ఆ ప్రయాణం మొత్తం, వాళ్ల బండిలోని శాటిలైట్ ట్రాకర్ మ్యాప్ మీద పెట్టే చుక్కలు చూస్తూ గడిపాం. మొదటి రెండు రోజులు ఎలా చూడాలో తెలియక ఊరికే కంగారు పడ్డాం. తర్వాత మెల్లగా పట్టు దొరికింది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కూడా ఆ ప్రయాణంలో ఒక పని చేస్తున్నట్టే. ఆ పని సరిగ్గా ఎలా చేయాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఆ రోడ్డును మీరు తెలుసుకోండి

బండ్లు కదలకముందే ఒక సాయంత్రం కూర్చుని మ్యాప్ తెరవండి. మొదట్లోనే చాలామంది ఒకచోట పొరబడతారు. కెనడాలో డాసన్ క్రీక్ అని ఒక ఊరుంది, డాసన్ సిటీ అని ఇంకో ఊరుంది. డాసన్ క్రీక్ బ్రిటిష్ కొలంబియాలో ఉంది, 1942లో వేసిన అలాస్కా హైవే అక్కడ మొదలవుతుంది. డాసన్ సిటీ యూకాన్‌లో ఉంది. రెండింటికీ మధ్య రోడ్డు దారిలో 1,900 కిలోమీటర్ల పైమాటే. కాల్గరీ నుంచి వెళ్లేవాళ్లు రెండు ఊళ్ల పేర్లూ చెప్తారు కాబట్టి, "డాసన్ చేరాం" అని మెసేజ్ వస్తే ఏ డాసనో తేల్చుకోండి.

అసలు మారుమూల దారి డాసన్ సిటీకి దాదాపు 40 కిలోమీటర్ల ఇవతల, జంక్షన్ దగ్గర మొదలవుతుంది. అదే డెంప్‌స్టర్ హైవే. 1979 ఆగస్టులో తెరిచారు. జంక్షన్ నుంచి ఇనువిక్ దాకా దాదాపు 737 కిలోమీటర్లు. అక్కడి నుంచి సముద్రం ఒడ్డున ఉన్న టుక్టొయాక్టుక్ దాకా ఇంకో 138. అందరూ దాన్ని టుక్ అనే అంటారు. ఈ చివరి ముక్క 2017 నవంబరులో తెరిచారు. అంతకుముందు టుక్‌కి చలికాలంలో గడ్డకట్టిన నది మీద, సముద్రం మీద వేసే మంచు రోడ్డు ఒక్కటే ఉండేది.

దాదాపు మొత్తం కంకర రోడ్డే. దాని కారణం తెలిస్తే సగం భయం పోతుంది. అక్కడి నేల లోపల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దాని మీద నేరుగా రోడ్డు వేస్తే కింద మంచు కరిగి నేల కుంగిపోతుంది. అందుకని మీటరు పైగా, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా కంకర దిమ్మ పోసి, దాని మీద దారి నడిపారు. ఆ రాళ్లు పదునుగా ఉంటాయి, టైర్లు కోసుకుపోతాయి. అందుకే ఆ దారిన వెళ్లేవాళ్లు బండికి రెండు స్టెప్నీలు పెట్టుకుంటారు. అక్కడ పంక్చర్ పడటం మామూలు సంగతి. ఆ ఒక్క ముక్క అమ్మకు ముందే చెప్పి ఉంటే మొదటి పంక్చర్ రోజున ఆవిడ అన్నం మానేసేది కాదు.

దారిలో ఉన్న ముఖ్యమైన చోట్లు ఇవి. జంక్షన్ నుంచి దూరం కిలోమీటర్లలో:

- 71: టూంబ్‌స్టోన్ పార్కు సమాచార కేంద్రం
- 369: ఈగిల్ ప్లెయిన్స్. హోటల్, పెట్రోలు, టైరు రిపేరు
- 405: ఆర్కిటిక్ వృత్తం, 66 డిగ్రీల 33 నిమిషాల అక్షాంశం
- 465: యూకాన్, నార్త్‌వెస్ట్ టెరిటరీస్ సరిహద్దు
- 539: పీల్ నది
- 551 ప్రాంతం: ఫోర్ట్ మెక్‌ఫర్సన్ ఊరు, పెట్రోలు
- 608: మెకెంజీ నది, సీగెచిక్ ఊరు
- 737: ఇనువిక్

జంక్షన్ దాటాక ఈగిల్ ప్లెయిన్స్ వచ్చేదాకా, అంటే 369 కిలోమీటర్లు, పెట్రోలు దొరకదు. ఇనువిక్ నుంచి టుక్ మధ్యలో కూడా ఏమీ ఉండదు. ఈ దారిలో పీల్, మెకెంజీ నదుల మీద వంతెనలు లేవు. వేసవిలో బండ్లను పంటు మీద దాటిస్తారు. మన నరసాపురం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. చలికాలంలో మంచు గట్టిపడ్డాక నది మీద నుంచే బండ్లు వెళ్తాయి. మంచు విరిగే వేసవి ముందు కొన్ని వారాలు, మళ్లీ గడ్డకట్టే రోజుల్లో కొన్ని వారాలు ఏ దారీ ఉండదు. మీ వాళ్లు మే నెలలో గానీ నవంబరులో గానీ వెళ్తామంటే ఈ సంగతి అడగండి.

ఈ చోట్లన్నీ ఒక పెద్ద కాగితం మీద గీతలా గీసి గోడకు అంటించండి. ఫోన్లో మ్యాప్ ఎంత బాగున్నా, ఇంట్లో పెద్దవాళ్లు వేలు పెట్టి చూపించి "ఇక్కడున్నారు" అనుకోవడానికి కాగితమే నయం.

బయల్దేరకముందే గడువు మాట్లాడుకోండి

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈ హైవేకి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్తాను, ఎందుకంత ముఖ్యమో మీకే అర్థమవుతుంది.

1910 డిసెంబరు 21న ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి నలుగురు పోలీసుల దళం కుక్కల బండ్ల మీద డాసన్ సిటీకి బయల్దేరింది. ఇన్‌స్పెక్టర్ ఫిట్జ్‌జెరాల్డ్ నాయకుడు. మామూలుగా ఏటా చేసే ప్రయాణమే. మధ్యలో దారి తప్పారు, తిండి అయిపోయింది. డాసన్‌లో ఉన్నవాళ్లకు వీళ్లు ఎక్కడున్నారో తెలుసుకునే దారి లేదు. ఆలస్యమేమో అనుకుంటూ చూశారు. ఫిబ్రవరి చివరికి గానీ కార్పొరల్ డెంప్‌స్టర్ వెతకడానికి బయల్దేరలేదు. మార్చిలో ఆయనకు నలుగురి శవాలూ దొరికాయి. వాళ్లు వెనక్కి తిరిగి ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కి చాలా దగ్గర దాకా వచ్చి చనిపోయారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఆ ఊళ్లో ఉన్నాయి. మీ వాళ్లు ఆ ఊరి మీదుగానే వెళ్తారు.

ఇప్పుడు రోడ్డుంది, శాటిలైట్ ఉంది. కానీ అవతల ఉన్నవాళ్లు "ఎప్పటిదాకా ఆగాలి, ఎప్పుడు కదలాలి" అనేది ముందే తెలుసుకుని ఉండాలన్న అవసరం మాత్రం అలాగే ఉంది. కాబట్టి రోజుకొక గడువు పెట్టుకోండి. ఉదాహరణకు, "ఇవాళ సాయంత్రానికి ఈగిల్ ప్లెయిన్స్ చేరతాం. రేపు పొద్దున వాళ్ల టైమ్ 10 గంటల లోపు ఏ కబురూ లేకపోతే మీరు పని మొదలుపెట్టండి." చేరాల్సిన టైమూ గడువూ ఒకటే పెట్టకండి. రెండింటి మధ్య కనీసం పది పన్నెండు గంటల తేడా ఉండాలి. ఆ రోడ్డు మీద ఆలస్యం కాని రోజే అరుదు. గడువు లోపల మౌనంగా ఉన్నారంటే అంతా బాగున్నట్టే లెక్క. ఈ మాట ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి, ముఖ్యంగా అమ్మలు.

గడువుతో పాటు ఒక కాగితం రాయించుకోండి. ప్రతి బండి కంపెనీ, మోడల్, రంగు, నంబర్ ప్లేటు. ఏ బండిలో ఎవరు. ఎవరికైనా షుగరో, ఉబ్బసమో ఉంటే వాళ్లు వాడే మందులు. ఎన్ని రోజుల తిండీ నీళ్లూ ఉన్నాయి. ఏ రాత్రి ఎక్కడ బస, అక్కడి ఫోన్ నంబరు. ట్రాకర్ ఎవరి దగ్గర ఉంది. దీని ఒక కాపీ మీ దగ్గర, ఇంకో కాపీ కెనడాలోనే ఉండే స్నేహితుడి దగ్గర ఉండాలి. ఆ స్నేహితుడిని ముందే అడిగి ఒప్పించండి. అవసరం పడితే పోలీసులకు ఫోన్ చేసి గడగడా మాట్లాడేది ఆయనే. మనకు అర్ధరాత్రైనప్పుడు అక్కడ పట్టపగలు.

ఇండియా నుంచి 911 కొడితే కెనడా పోలీసులకు వెళ్లదు. దారిలో ఉండే పోలీసు స్టేషన్ల నేరు నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. యూకాన్, నార్త్‌వెస్ట్ రెండింటికీ ఏరియా కోడ్ 867. మన ఫోన్ నుంచి ప్లస్ 1, తర్వాత 867, ఆ తర్వాత ఏడంకెల నంబరు. డాసన్, ఫోర్ట్ మెక్‌ఫర్సన్, ఇనువిక్, టుక్: ఈ నాలుగు చోట్లవీ చాలు.

ట్రాకర్ సంగతి

డాసన్ దాటాక ఊళ్లలో తప్ప ఫోన్ సిగ్నల్ ఆశించకండి. "ఐఫోన్‌లో శాటిలైట్ ఉందిగా" అని మా తమ్ముడు మొదట ధీమాగా ఉన్నాడు. 62 డిగ్రీల అక్షాంశం పైన ఆ సదుపాయం పనిచేయకపోవచ్చని యాపిల్ సంస్థే చెబుతోంది. డాసన్ సిటీయే 64 డిగ్రీల మీద ఉంది, టుక్ 69 దాటింది. కాబట్టి విడిగా శాటిలైట్ పరికరం కావాలి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి ఇరిడియం శాటిలైట్లతో పనిచేస్తాయి. ఆ శాటిలైట్లు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి అంత ఉత్తరాన కూడా అందుతాయి. పరికరం కొంటే సరిపోదు, నెలవారీ ప్లాన్ కూడా తీసుకోవాలి.

ఇక్కడ మనవాళ్లకు ఒక గట్టి హెచ్చరిక. ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి పరికరాలు ఇండియాలో దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. తెలియక తెచ్చి మన విమానాశ్రయాల్లో ఇబ్బంది పడ్డ విదేశీయులు ఉన్నారు. ఇక్కడి నుంచి ఎవరైనా ఆ ట్రిప్ కోసం వెళ్తుంటే పరికరం కెనడాలోనే కొనుక్కోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు అక్కడే వదిలి రావాలి. బ్యాగులో మర్చిపోయి తేవద్దు.

మూడు బండ్లకు ఒకటే పరికరం ఉంటే అది ఏ బండిలో ఉండాలి? అందరూ ముందు బండిలో పెడతారు. చివరి బండిలో పెట్టమనండి. ఆ కంకర రోడ్డు మీద దుమ్మూ రాళ్లూ లేస్తాయి కాబట్టి బండికీ బండికీ మధ్య అర కిలోమీటరో, ఇంకా ఎక్కువో దూరం వదులుతారు. ముందు బండికి వెనకాల ఏం జరిగిందో కనబడదు. చివరి బండిని దాటి ఎవరూ వెనకబడరు. అందుకని చివరి బండి చుక్క కదిలిందంటే కాన్వాయ్ మొత్తం కదిలినట్టే. మా వాళ్లు మొదట ముందు బండిలోనే పెట్టారు. ఒక మధ్యాహ్నం చుక్క హాయిగా సాగిపోతుంటే, మూడో బండి పంక్చర్ పడి 20 కిలోమీటర్ల వెనకాల ఆగి ఉందట. మాకు తెలియనే తెలియదు. ఈగిల్ ప్లెయిన్స్‌లో పరికరాన్ని చివరి బండిలోకి మార్చారు.

ప్రతి బండీ తన వెనక బండి అద్దంలో కనబడుతోందో లేదో చూసుకోవాలి, కనబడకపోతే ఆగాలి. ఈ రూలు వాళ్ల చేత ఒప్పించండి.

బయల్దేరకముందు ఒక టెస్ట్ చేయండి. పరికరం నుంచి మీ ఫోన్‌కి ఒక మెసేజ్, మీ ఈమెయిల్‌కి ఒక మెసేజ్ పంపమనండి. రెండూ వచ్చాయా చూడండి. మీరు జవాబిచ్చి అది వాళ్లకు అందిందా కనుక్కోండి. ఎస్ఎంఎస్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఈ పరికరాల్లో ముందే రాసి పెట్టుకునే మూడు రెడీ మెసేజ్‌లు ఉంటాయి. మేం ఇలా పెట్టుకున్నాం: "క్షేమంగా బసకు చేరాం." "ఆలస్యం, కానీ అందరం బాగున్నాం." "బండి సమస్య, సాయం అక్కర్లేదు." ఈ మూడింటితోనే ప్రయాణం దాదాపు గడిచిపోయింది.

టైమ్ లెక్క ఒకసారి నేర్చుకుంటే చాలు

యూకాన్ 2020 నుంచి గడియారం మార్చడం మానేసింది. అక్కడికీ మనకీ ఏడాదంతా పన్నెండున్నర గంటల తేడా. మన టైమ్‌లో పగలు, రాత్రి తిరగేసి అరగంట తీసేయండి. మనకు రాత్రి 9 అయితే అక్కడ పొద్దున 8:30. సరిహద్దు దాటి నార్త్‌వెస్ట్‌లోకి వెళ్లాక వేసవిలో తేడా పదకొండున్నర. అప్పుడు తిరగేసి అరగంట కలపండి. మనకు రాత్రి 9, అక్కడ పొద్దున 9:30. సరిహద్దులో వాళ్లు ఒక గంట పోగొట్టుకుంటారు కాబట్టి ఆ రోజు అనుకున్న దానికన్నా ఆలస్యంగా చేరినట్టు కనబడుతుంది.

ఇంకొక సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఇనువిక్‌లో మే చివరి నుంచి జులై మూడో వారం దాకా దాదాపు 56 రోజులు సూర్యుడు అస్తమించడు. రాత్రి ఒంటిగంటకు చుక్క కదులుతోందంటే ఏదో అయిందని కాదు. వెలుతురుంది, పిల్లలు పడుకున్నారు, రోడ్డు ఖాళీగా ఉంది, తోలుకుంటూ పోతున్నారు అంతే.

చుక్కల్ని చదవడం

మామూలుగా ట్రాకర్ పది నిమిషాలకొక చుక్క పెడుతుంది. పది నిమిషాల్లో పది కిలోమీటర్లు నడిస్తే గంటకు అరవై. కాబట్టి రెండు చుక్కల మధ్య దూరం ఎన్ని కిలోమీటర్లో దాన్ని ఆరుతో గుణిస్తే వేగం తెలుస్తుంది. చుక్కలు దూరం దూరంగా ఉంటే రోడ్డు బాగుంది. దగ్గర దగ్గరగా ముద్దగా ఉంటే వానకు రోడ్డు బురదైందో, రిపేర్లు జరుగుతున్నాయో, పక్కన ఎలుగుబంటి కనబడి పిల్లలు అద్దాలకు అతుక్కుపోయారో. దుమ్ము లేవకుండా ఆ రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. వాన పడితే అది జారుడుగా తయారవుతుంది. అన్ని ఆగుళ్లూ కలిపి సగటున గంటకు యాభై, అరవై వేసుకోండి. జంక్షన్ నుంచి ఈగిల్ ప్లెయిన్స్‌కి ఏడు గంటలు పడితే అది మంచి ప్రయాణమే.

రెండు చుక్కల్ని కలుపుతూ మ్యాప్ ఒక తిన్నని గీత గీస్తుంది. కొండ మలుపుల్లో ఆ గీత రోడ్డును వదిలేసి కొండ మీదుగా పోయినట్టు కనబడుతుంది. "బండి లోయలో పడిందేమిటే" అని అమ్మ కేక వేసింది ఇది చూసే. గీతను పట్టించుకోకండి. చుక్క రోడ్డు మీద ఉందా లేదా, అదే చూడండి. నది మధ్యలో చుక్క కనబడితే పంటు మీద ఉన్నారు. మెకెంజీ దగ్గర చుక్క ఒక పక్కకు తిరిగి సీగెచిక్ ఊరి ఒడ్డుకు వెళ్లి, తర్వాత అవతలి ఒడ్డుకు చేరవచ్చు. ఆ పంటు మూడు రేవులు తిరుగుతుంది.

కిలోమీటరు రాళ్ల గొడవ ఒకటుంది. యూకాన్‌లో జంక్షన్ నుంచి లెక్క మొదలై 465 దాకా వెళ్తుంది. సరిహద్దు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఒక పొద్దున "కి.మీ. 72 దగ్గర ఆగాం" అని మెసేజ్ వచ్చింది. యూకాన్ లెక్కలో అయితే అది టూంబ్‌స్టోన్ పార్కు. నార్త్‌వెస్ట్ లెక్కలో అయితే పీల్ నది రేవు. రెండింటి మధ్య 460 కిలోమీటర్ల పైగా తేడా. నంబరు చెప్పినప్పుడల్లా ముందు ఏ ప్రాంతమో చెప్పమనండి.

మెసేజ్‌లో అక్షాంశ రేఖాంశాలు వస్తే, మ్యాప్‌లో వేసేటప్పుడు రెండో అంకె ముందున్న మైనస్ గుర్తు వదలకండి. ఫోర్ట్ మెక్‌ఫర్సన్ దాదాపు 67.4, మైనస్ 134.9. ఆ మైనస్ తీసేస్తే మ్యాప్ మిమ్మల్ని రష్యాలో, సైబీరియాలోని వెర్ఖొయాన్స్క్ వైపు తీసుకెళ్తుంది. అక్కడా అడవే, నదులే. పొరపాటు పడ్డామని కూడా తెలియదు.

చుక్క ఆగిపోతే

జూన్ చివరి వారం. మన టైమ్ రాత్రి 9 దాటింది. చుక్క పీల్ నది ఇవతలి ఒడ్డున ఆగి అప్పటికి ఐదు గంటలు. మెసేజ్ లేదు. అమ్మ దేవుడి గూట్లో దీపం వెలిగించి వచ్చి నా పక్కన కూర్చుంది. ఫోన్ తీసుకుని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తోంది. నాకూ చేతులు చల్లబడ్డాయి. అప్పుడు గోడ మీద కాగితం చూశాను. గడువుకు ఇంకా పద్నాలుగు గంటలుంది. కూర్చుని ఒక్కొక్కటి చూసుకుంటూ వెళ్లాను. మీరూ అదే వరుసలో చూడండి.

మొదట, చుక్క ఎక్కడ ఆగింది? రేవులో, పెట్రోలు దగ్గర, బస దగ్గర ఆగితే అది మామూలు ఆగుడు. వాళ్లు పొద్దున్నే రేవుకి చేరి ఆగిపోయారు.

తర్వాత, పరికరం పనిచేస్తోందా? చుక్క అదే చోట కొత్త కొత్త టైములతో వస్తుంటే పరికరం బాగుంది, బండి ఆగి ఉంది. అసలు చుక్కలే రాకపోతే బ్యాటరీ అయిపోయిందో, ఎవరైనా ఆపేశారో, డ్యాష్‌బోర్డు మీద నుంచి జారి సీటు కింద పడిందో. ఆకాశం కనబడకపోతే అది పనిచేయదు.

మూడోది, రోడ్డు రిపోర్టు. యూకాన్ వైపు రోడ్ల సమాచారం 511 యూకాన్ వెబ్‌సైటులో ఉంటుంది. నార్త్‌వెస్ట్ వైపు అక్కడి ప్రభుత్వం హైవేలు, పంట్ల స్థితి విడిగా పెడుతుంది. రెండు పేజీలూ ముందే బుక్‌మార్క్ చేసుకోండి. నేను చూసేసరికి పీల్ పంటు ఆగి ఉందని రాసుంది. నీటి మట్టం పెరిగి, దుంగలు కొట్టుకొస్తుంటే పంటు ఆపేస్తారు. అమ్మకు చదివి వినిపించాను. "గోదారికి వరదొస్తే మన పంటు ఆపరూ, అలాగే" అంది. అంతటితో ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది.

నాలుగోది, మెసేజ్ పంపండి, ఒక్కటే. "బాగున్నారా? ఒక్క ముక్క చాలు." పది మెసేజ్‌లు పంపితే వాళ్ల ప్లాన్, బ్యాటరీ రెండూ తింటాయి. నలభై నిమిషాల తర్వాత జవాబు వచ్చింది: "అక్కా, పంటు ఆగింది. ఒడ్డునే ఉప్మా చేసుకున్నాం. దోమలు చంపేస్తున్నాయి."

గడువు దాటినా కబురు లేకపోతే అప్పుడు వరుస మారుతుంది. ముందు వాళ్లు చేరాల్సిన బసకు ఫోన్ చేసి బండ్లు వచ్చాయా అడగండి. తర్వాత వెనకటి బసకు చేసి ఎప్పుడు బయల్దేరారో అడగండి. ఈ రెండు ఫోన్లతోనే చాలాసార్లు విషయం తేలిపోతుంది. అప్పటికీ తేలకపోతే కెనడాలో ఉన్న స్నేహితుడికి చెప్పి పోలీసులకు ఫోన్ చేయించండి. కాగితం మీద ఉన్నదంతా చదవాలి: ఎంతమంది, ఏ బండ్లు, చివరి చుక్క అక్షాంశ రేఖాంశాలు, అది ఏ టైముకు వచ్చింది, ఆ టైము మనదా అక్కడిదా. గడువు దాటాక మొహమాటం వద్దు. "ఇంకాసేపు చూద్దాం" అనుకోవద్దు.

తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే

ఆ పరికరం మీద ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. అది నొక్కితే కబురు అమెరికాలోని ఒక సహాయ కేంద్రానికి వెళ్తుంది. వాళ్లు స్థానిక పోలీసులతో మాట్లాడతారు, పరికరంలో రాసి ఉన్న ఎమర్జెన్సీ నంబర్లకూ ఫోన్ చేస్తారు. అది మీ నంబరే కావచ్చు. మనం ఏం చేస్తాం? ప్లస్ 1తో తెలియని నంబరు అర్ధరాత్రి వస్తే మోసగాళ్లనుకుని కట్ చేస్తాం. ఆ రోజుల్లో అలా చేయకండి. సైలెంట్ తీసేయండి, డూ నాట్ డిస్టర్బ్ తీసేయండి, తలగడ పక్కనే కాగితం పెట్టుకోండి. వాళ్లు ప్రయాణం వివరాలు అడుగుతారు గానీ ఓటీపీ, డబ్బు అడగరు. ఇంగ్లీషులో ఫోన్ మాట్లాడటం కష్టమనుకుంటే ఎమర్జెన్సీ నంబర్లలో మొదటిది కెనడా స్నేహితుడిది పెట్టించండి, రెండోది మీది.

లింకు ఎవరికి ఇవ్వాలి

ట్రాకింగ్ లింకు చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది పెట్టిన రోజు నుంచి "ఇంకా అక్కడే ఉన్నారేంటి" అని రోజుకు ఇరవై ఫోన్లు. పైగా ఆ లింకు చూసిన ప్రతివాడికీ కెనడాలో వాళ్ల ఇళ్లకు తాళాలున్నాయని తెలిసిపోతుంది. పేజీకి పాస్‌వర్డ్ పెట్టించుకోండి. ఇంట్లో ఇద్దరికి, కెనడాలో ఒకరికి ఇస్తే చాలు. మిగతా చుట్టాలకు సాయంత్రం ఒక్క మెసేజ్: ఇవాళ ఇక్కడ, అందరూ క్షేమం.

రోజుకు మూడుసార్లు చూడండి: వాళ్లు బయల్దేరేటప్పుడు, మధ్యాహ్నం, బస చేరేటప్పుడు. అంతకన్నా ఎక్కువ చూస్తే మీ నిద్ర పోతుంది, చుక్కకేమీ లాభం లేదు.

మిగతా టైములో ఆ ప్రాంతం గురించి చదవండి. అది కూడా ఫాలో కావడమే. మేం అలా చాలా తెలుసుకున్నాం. పోర్క్యుపైన్ మంద అనే కారిబూ జింకల మంద వలస దారి ఆ హైవేను దాటుతుంది. ఫోర్ట్ మెక్‌ఫర్సన్, సీగెచిక్ గ్విచిన్ జనం ఊళ్లు. టుక్‌లో ఇనువియాలుయిట్ జనం ఉంటారు. ఆ ఊరి పేరుకు కారిబూలా కనిపించేది అని అర్థం. ఆ ఊరి దగ్గర పింగోలనే గుట్టలున్నాయి. లోపల మంచు గడ్డ పెరుగుతూ నేలను పైకి తోస్తే ఏర్పడ్డవి. అన్నిటికన్నా పెద్దది ఇబ్యుక్, 49 మీటర్ల ఎత్తు. పిల్లలు దాని ఫోటో పంపితే అదేమిటో మేమే వాళ్లకు చెప్పాం.

టుక్ చేరాక

సముద్రం ఒడ్డున చుక్క ఆగగానే ఇంట్లో పండగ చేసుకుంటారు. చేసుకోండి. కానీ గోడ మీద కాగితం తీయకండి. అదే 875 కిలోమీటర్లు, అవే రెండు పంట్లు మళ్లీ దాటాలి. వెళ్లేటప్పుడున్న జాగ్రత్త వచ్చేటప్పుడు సడలుతుంది, బండ్లూ అప్పటికి అలిసిపోయి ఉంటాయి, స్టెప్నీలు వాడేసి ఉండొచ్చు. ఇనువిక్‌లో టైర్లు, పెట్రోలు చూసుకున్నారా అని ఒక మెసేజ్ పంపండి. తిరుగు ప్రయాణానికి కొత్త గడువులు రాయించుకోండి. పాత కాగితం మీద తారీఖులు కొట్టేసి దిద్దితే గందరగోళం, కొత్తది రాయండి.

జంక్షన్ దాటి తారు రోడ్డెక్కాక, ఫోన్ సిగ్నల్ ఉన్న చోట వాళ్ల చేత మూడు పనులు చేయించండి. ఒక్కసారి ఫోన్ చేసి అందరి గొంతూ వినిపించాలి. కెనడా స్నేహితుడికి, బస వాళ్లకు క్షేమమని చెప్పాలి. ఇల్లు చేరాక ట్రాకింగ్ ఆపి లింకు తీసేయాలి.

మా తమ్ముడు డాసన్ సిటీ నుంచి ఫోన్ చేసినప్పుడు మనకు తెల్లవారుజాము నాలుగు. మొదటి రింగుకే అమ్మ ఎత్తింది. వాడు "అమ్మా, వచ్చేశాం" అన్నాడు. అమ్మ ఇంకేమీ అడగలేదు. "మూడో బండి వచ్చిందా?" అంది.